మా మావ తిరగేసి పెట్టుకున్న హెడ్‌ఫోన్స్

మా మావ పోయాడన్న కబురు మొదట మా బజారు వర్తకుల ఫోన్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరో ఫొటో తప్పు పెట్టి ఉంటారనుకున్నాను. ఇంకొకరు కూడా పెట్టారు, అప్పుడూ నమ్మలేదు. నా కొట్టు షట్టరు సగం దించి, వాళ్లింటికి నడిచి వెళ్లి, మా అత్త ముఖం చూశాకే నమ్మాను. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయాడట. కళ్లతో చూడనిదే ఏదీ నమ్మకూడదని నాకు నేర్పింది ఆయనే. ఆ పాఠం ఆయన దగ్గరే వాడాల్సి వస్తుందనుకోలేదు.

మావ అంటే మా అమ్మకి తమ్ముడు. చీపురుపల్లిలో పప్పుల కొట్టు. ఆయన దగ్గర కందిపప్పు కొన్నవాళ్లెవరూ ఇంటికెళ్లి మళ్లీ తూచుకోరు. ఆయనకి మాత్రం ఎవరి మీదా నమ్మకం లేదు. బస్తా మూతి దగ్గర సరుకు చూసి ఊరుకోడు, ఇనుప గొట్టం గుచ్చి అడుగు గింజలు తీయించేవాడు. ఎలక్ట్రానిక్ కాటా కొన్నాక కూడా పాత తక్కెడని పక్కనే వేలాడదీసి, కాటా చెప్పింది నిజమో కాదో దాంట్లో చూసుకునేవాడు. ఆ తక్కెడ మీదా అనుమానమే. ప్రతి శుక్రవారం దానికి కుంకుమ బొట్టు పెట్టి, ఒక పళ్లెంలో రాయి, ఒక పళ్లెంలో పప్పు వేసి తూచేవాడు. తర్వాత అటుది ఇటు, ఇటుది అటు మార్చి మళ్లీ తూచేవాడు. మార్చినా ముల్లు నడిమధ్యే నిలబడితే ఆ వారానికి దాన్ని క్షమించేవాడు. ఎందుకలా అని చిన్నప్పుడొకసారి అడిగాను. "దండం పెట్టాల, పళ్లేలు మార్చి సూడాల. రెండూ సెయ్యాల" అన్నాడు.

నేను స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్ సామాన్ల కొట్టు పెట్టిన కొత్తలో, హెడ్‌ఫోన్స్ కావాలంటూ వచ్చాడు. మధ్యాహ్నం ఇంటికెళ్లి సన్నాయి మేళం వినడం ఆయనకున్న ఒకే ఒక్క విలాసం. పాత క్యాసెట్లో మేళాన్ని ఎవరిచేతో ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు. సరిగ్గా అదే వేళకి మా అత్త టీవీ సీరియల్. ఇద్దరికీ పడడం లేదు.

"వెయ్యి రూపాయల్లోపు ఏటున్నాయో సూపించు. సుట్టాన్ని కదాని ఎక్కువ సెప్పకు."

వైరు లేనివి చూపించాను. "గాల్లో వొచ్చినదాన్ని ఏటి నమ్ముతాం? మద్దెలో ఎవుడెత్తుకుపోతాడో" అని పక్కన పెట్టేశాడు. చెవిలోకి దూర్చుకునేవి ముట్టుకోనే లేదు. పెట్టె మీద పెద్ద పెద్ద అక్షరాలున్న జతని చూసి, "ఇంత అరుస్తన్నాడంటే లోపల ఏటో నేదు" అన్నాడు. చివరికి చెవి మొత్తం మూసే మెత్తటి దిండ్లున్న వైరు జత ఏరుకున్నాడు. ఇంట్లో కూర్చుని వినేవాడికి ఛార్జింగ్ గొడవ లేని వైరే మేలు, ఆ ధరలో నేనైనా అదే తీసుకుంటాను. ఆ మాట పైకంటే అంటగడుతున్నానని అనుమానపడతాడని నోరు మూసుకున్నాను.

మర్నాడే తిరిగొచ్చాడు.

"సన్నాయి ఏదిరా? ఉట్టి డోలే ఉన్నాది. ఫోన్‌లో పెడితే రెండూ ఇనబడతన్నాయి, నీ దాంట్లో సగం సరుకే. ఎడం పక్క డొల్ల."

నేను పెట్టుకుని చూశాను. ఆ పాత రికార్డింగులో సన్నాయి ఎడమవైపు, డోలు కుడివైపు విడివిడిగా వస్తున్నాయి. రెండూ శుభ్రంగా వినబడ్డాయి.

"నాకు ఇనబడతన్నాది మావా."

"నీకెందుకు ఇనబడదు, అమ్మినోడివి!"

ఇంకో జత ఇచ్చాను. అదీ అంతే అన్నాడు. మూడోదీ అంతే. ఇక నాకూ అనుమానం పట్టుకుంది. కావాలనే చేస్తున్నాడా? పప్పుల వ్యాపారంలోకి రమ్మంటే రాకుండా ఈ కొట్టు పెట్టానని కక్షా? ఇంతలో టీ కొట్టు దగ్గర ఎవరో అడిగితే, "ఆడి సరుకు సగమే పలుకుతాది" అన్నాడట. అంతే. ఆ బజారులో ఆయన మాట తక్కెడ ముల్లుతో సమానం. వచ్చే నలుగురూ ఇద్దరయ్యారు. ఆ ఇద్దరూ పెట్టె విప్పి పదిసార్లు ఎడమవైపే విని, కొనకుండా పోయేవారు. సొంత మేనమామ నోటితోనే నా కొట్టు మూతపడబోతోందని నాకు అన్నం సయించేది కాదు.

నాలుగోసారి వచ్చినప్పుడు కోపం ఆగలేదు.

"నీ తక్కెడకి పళ్లేలు మార్చి సూస్తావు కదా, దీన్నెందుకు మార్చి సూడవు?"

మావ హెడ్‌ఫోన్స్ తీసి, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వచ్చేలా తిరగేసి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ తిన్నగా పెట్టుకున్నాడు. మళ్లీ తిరగేశాడు. తర్వాత తీసేసి, వైరు నెమ్మదిగా చుట్టి, "బాగానే ఉన్నాదిరా. ఇదే ఉంచుకుంటాను" అని వెళ్లిపోయాడు. తప్పు ఒప్పుకోలేక అలా అన్నాడనుకున్నాను.

ఆ వారం నుంచి జనం రావడం మొదలైంది. "పప్పుల కొట్టాయన పంపినారు. మీ సరుకులో లోపం నేదంట, ఆయనే పొరబడినారంట" అనేవారు. మా మావ పొరబడ్డానని ఒప్పుకోవడమా! నేను నమ్మలేదు. దీని వెనక ఇంకేదో ఉందనుకున్నాను. రేపో మాపో వచ్చి ఏదో అడుగుతాడని ఎదురుచూశాను. ఏడాది దాటినా ఏమీ అడగలేదు.

ఒకసారి వాళ్లింటికి వెళ్తే వాలుకుర్చీలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నాడు. తక్కెడకి పెట్టినట్టే ఎడమ డిప్పకి కుంకుమ బొట్టు పెట్టుకున్నాడు. ఆ బొట్టు ఆయన కుడి చెవి మీద ఉంది.

"తిరగబడింది మావా" అన్నాను.

"తెలుసులేరా" అన్నాడు.

పన్నెండో రోజు అయ్యాక మా అత్త ఆ హెడ్‌ఫోన్స్, ఆయన ఫోనూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఒక్కో పాటా రెండుపాల్లు ఇనీవోడురా మీ మావ. ఓపాలి తిన్నగా ఎట్టుకుని డోలు, ఓపాలి తిరగేసి సన్నాయి. ఎడం సెవి పోయినాది కదా."

"సెవి పోయిందా? నాతో ఎందుకు సెప్పలేదత్తా?"

"ఎవులికీ సెప్పొద్దన్నాడు. తెలిస్తే ఎడం పక్క నిలబడి బేరాలు గుసగుసలాడుకుంటారంట. నీ కొట్టు నించి వొచ్చిన్రోజే నాకు సెప్పినాడు. సరుకు మంచిదేనే, నా తక్కెడే పోయినాది, ఉట్టినే ఆడి కొట్టు మీద మాటేసినాను అన్నాడు. ఆ పూట బువ్వ కూడా తిన్నేదు."

ఆయన్ని అనుమానించడానికి నాకెన్ని కారణాలు దొరికాయో! కక్ష అనుకున్నాను, పంతమనుకున్నాను, పన్నాగమనుకున్నాను. కొట్లో ఎప్పుడూ కుడి భుజం ముందుకు పెట్టి కూర్చుంటే అది వర్తకుడి ఠీవి అనుకున్నాను. చెవి సంగతి ఒక్కటే తట్టలేదు. తన తక్కెడ తప్పని తెలిసినరోజు ఆయన అన్నం మానేసి, మర్నాటి నుంచి నా పేరు దిద్దుకొచ్చాడు. ఇవాళ నా కొట్టు నడుస్తోందంటే ఆ మాట చలవే. ఆయన ఉండగా ఈ ముక్క చెప్పలేదని ఇప్పుడు ఏడుపొస్తోంది. చెప్పి ఉంటే మాత్రం, "ఇప్పుడెందుకు సెప్తన్నావు, ఏటి కావాల?" అనే అడిగేవాడు.

ఇంకొకటుంది. ఫోన్ సెట్టింగుల్లో ఒక మీట ఉంటుంది. అది నొక్కితే రెండు వైపుల శబ్దమూ కలిసి రెండు చెవుల్లోకీ వస్తుంది. ఉన్న ఒక్క చెవితోనే డోలూ సన్నాయీ కలిపి వినొచ్చు. నాకది అరనిమిషం పని. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు పెద్దవాళ్లెవరైనా ఒక పక్క మోగడం లేదని వస్తే, సరుకుని గానీ మనిషిని గానీ అనుమానించకుండా, ముందు తిరగేసి పెట్టుకోమంటున్నాను.

నిన్న మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు ఎడమ చెవిలో దూది గట్టిగా పెట్టుకుని, ఆయన ఫోన్‌కి ఆయన హెడ్‌ఫోన్స్ తగిలించి విన్నాను. డోలు ఒక్కటే వినబడింది. మధ్యమధ్య ఎవరికో చోటిస్తున్నట్టు ఆగి, మళ్లీ మొదలయ్యేది. మీట నా వేలి కిందే ఉంది. నొక్కబుద్ధి కాలేదు. డోలు అయిపోయేదాకా విని, తీసి, తిరగేసి పెట్టుకున్నాను. కుంకుమ బొట్టు కుడివైపుకి వచ్చింది. సన్నాయి అందుకుంది.