అమ్మ రుచి చూడని వైను

మా కుటుంబం వైను తయారీలోకి దిగింది తాగుడు వల్ల కాదు, ఆవకాయ వల్ల. ఎవరూ నమ్మరు. అయినా నేను ఉన్నదానికి కొంచెమే కలిపి చెబుతాను.

తొంభైల మొదట్లో, నాన్న పనిచేసే భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన మా క్వార్టరు వెనక ఒక నేరేడు చెట్టుండేది. అది కాసిందంటే సెక్టారు సెక్టారంతా ఊదారంగు నాలుకలతో తిరిగేది. నాన్నకి షుగరుందని డాక్టరు చెప్పిన ఏడాది అమ్మ ఆ పళ్ళన్నీ పిసికి రసం తీసింది. వగరుకి నాన్న తాగడేమోనని అందులో బెల్లం దంచి వేసింది. షుగరు మందులో బెల్లం! దాన్ని శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీలో పోసి మూతికి గుడ్డ కట్టింది. అమ్మకి తెలిసిన నిల్వ పద్ధతి ఒకటే: ఆవకాయకి చేసినట్టే మూడో రోజు విప్పి తిరగకలపడం. విప్పి తెడ్డు పెట్టగానే జాడీ బుస్సుమంది.

"ఏటండీ ఇది, పాములాగ బుసకొడతంది!" అన్న అమ్మ కేక ఊరవతల జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ దాకా వినబడింది.

రైల్వేలో గార్డుగా రిటైరై, ప్రతి క్రిస్మస్‌కీ ఇంట్లో ద్రాక్ష వైను చేసే పక్కింటి మావయ్య గోడ మీంచి తొంగిచూశాడు.

"పారబొయ్యకు చెల్లీ! నెల్లాళ్ళు అలాగుంచు."

నెల తరవాత ఒక గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవకపోతే మేం అంబులెన్సు గురించి ఆలోచించాం. "మా అమ్మ చేతి వైను కూడా ఇలాగ లేదు," అన్నాడు చివరికి.

"వైనేటన్నియ్యా! నాను చేసింది కషాయం!"

కరిగిన ఇనుము ముందు ఇరవై ఏళ్ళు నిలబడ్డా చలించని నాన్న మావయ్య మాటకి చలించాడు. రెండు వేసవులు ఆలోచించి, ముందే రిటైర్మెంటు తీసుకుని, క్వార్టరు ఖాళీ చేసి, పక్క ఊరు కుమ్హారిలో రేకుల షెడ్డు పట్టి లైసెన్సుకి దరఖాస్తు పెట్టాడు. అమ్మ షరతు ఒక్కటే: "చేస్తాను గానీ చుక్క ముట్టను." లైసెన్సు రాకపోతే మాకు ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, జాడీల మధ్య పడకలే.

ఎక్సైజు ఆఫీసరు వచ్చాడు. "బనాతా కౌన్ హై?" అన్నాడు. నాన్న అమ్మని చూపించాడు. తాగుతారా అని అడిగితే అమ్మ చెవులు మూసుకుంది. "రామ్ రామ్! నహీఁ!"

"తో పతా కైసే చల్తా హై?" మరి కుదిరిందో లేదో ఎలా తెలుస్తుందని అతని అనుమానం.

మా ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టేదాకా వంట రుచి చూడకూడదు. పులుసులో ఉప్పు అమ్మ వాసనతోనే పట్టేది. జాడీలనైతే చెవితో. అక్కడున్న రెండు జాడీలకీ చెవి ఆనించి, "ఇది పడుకుంది. ఇదింకా మాటాడతంది, బిరడా బిగించొద్దని చెప్పండి, తన్నుతాది," అంది. నాన్న హిందీలో చెప్పాడు. ఆఫీసరు ఫక్కున నవ్వి, రెండు జాడీల్లోంచీ ఒక్కో సీసా నింపించి, రెండూ బిగించి జీపులో పెట్టించుకుపోయాడు.

మూడో రోజు జీపు మళ్ళీ వచ్చింది. నాన్న మొహం చల్లారిన ఇనుములా అయింది. దిగిన ఆఫీసరు తెల్ల చొక్కా కాలరు నుంచి బెల్టు దాకా ఊదా రంగు. ఒక చేతిలో పడుకున్న సీసా, చెక్కు చెదరకుండా, మాణిక్యంలా ఉంది. రెండో చేతిలో కాగితం.

"మాతాజీ, ఆప్‌కా కాన్ నహీఁ, మషీన్ హై!" అమ్మది చెవి కాదు, యంత్రమట!

ఆ కాగితమే లైసెన్సు. అందులో తయారుచేసేవారు అన్నచోట అమ్మ పేరుంది. నాన్న దాన్ని పటం కట్టించి షెడ్డు గుమ్మం మీద పెట్టాడు. ఎంత పెద్దమనిషి వచ్చినా ముందు ఆ పటం చదివించందే గ్లాసు చేతికివ్వడు. అమ్మ కిందనుంచి దాన్ని చూసి విసుక్కుంది.

"అంతెత్తున కట్టీసినారేటండీ! తుడవడానికి నాకందొద్దా?"