ఆ గోడకు క్రేన్ వద్దన్నాను

అశోక్ నగర్‌లో ఒక సందు చివర ఉన్న కాగితం గోదాముకు స్టోర్ ఇన్‌చార్జిని నేను. చిక్కడపల్లి, నారాయణగూడ ప్రెస్సులకు కాగితం ఇక్కడి నుంచే వెళ్తుంది. ఒక్కో పెద్ద రీలు నాలుగు వందల కిలోల దాకా ఉంటుంది. డీసీఎం వ్యాను వెనుక భాగం షట్టర్ లోపలికి వచ్చి ఆగితే, హమాలీలు రీళ్లను పాత టైర్ల మీదికి దొర్లించి దింపేవారు. పోయిన వానాకాలం ఒక రీలు టైరు మీంచి పక్కకు జారి, అందరిలోకీ పెద్దవాడైన హమాలీ పాదం మీద పడింది. రెండు వేళ్లు నలిగిపోయాయి. ఆ వారమే మా యజమాని జిబ్ క్రేన్ కొందామన్నారు. ఒక చేయి చాచినట్టుండే చిన్న క్రేన్ అది. బరువును ఎత్తి, పక్కకు తిప్పి దింపుతుంది.

కంపెనీ నుంచి ఒక సేల్స్‌మన్ వచ్చాడు. గోదాము కొలతలు నేను చెప్తుంటే యజమాని వైపు చూస్తూ రాసుకున్నాడు.

"గోడకు బిగిస్తే జాగ పోదు సార్. కింద తవ్వుడు ఉండదు. రెండు దినాల్ల పని అయితది," అన్నాడు.

"బరువు ఎత్తినప్పుడు గోడను ఎంత గుంజుతది?" అని అడిగాను.

"అవన్నీ మా వాళ్లు చూస్కుంటరు. మేడంకు ఎందుకు సార్ పరేషాన్?"

జవాబు కూడా యజమానికే చెప్పాడు. నేను మెకానికల్ డిప్లొమా చదివినదాన్ని. గోడకు బిగించిన క్రేన్ బరువెత్తితే, గోడ పైభాగాన్ని తన వైపు లాగుతుంది, కింది భాగాన్ని అవతలికి నెడుతుంది. ఈ సంగతి తెలియడానికి డిప్లొమా కూడా అక్కర్లేదు.

వాళ్లిద్దరూ చూపించిన గోడ మా ఒక్కరిదే కాదు. దాని అవతల ఆడపిల్లల హాస్టల్ ఉంది. గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. హాస్టల్ నడిపే ఆవిడ నాకు పరిచయమే కాబట్టి ఆ మధ్యాహ్నమే వెళ్లి ఆ గోడను ఆనుకున్న గది చూపించమన్నాను. మా గోడకు తలలు ఆనించి మూడు మంచాలు వరసగా ఉన్నాయి. ఒక మంచం మీద ఒక అమ్మాయి పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఈ గోడకు మేకు దిగుతదా?" అని అడిగాను.

"దిగుతది కని ఆగది అక్క. మట్టి రాలుతది. నా మేకు రెండుసార్లు ఊడింది," అని చిన్న రంధ్రం చూపించింది.

వేలు పెట్టి చూశాను. లోపలంతా మెత్తటి ఎర్రమట్టి. ఆ అమ్మాయి మళ్లీ పుస్తకంలోకి వంగింది. ఆమె తలకూ గోడకూ మధ్య ఒక దిండు మాత్రమే ఉంది.

తిరిగి వచ్చేసరికి ఆర్డర్ కాగితం నా టేబుల్ మీద ఉంది. క్రేన్ పెట్టే చోటు సరిగ్గా ఉందని స్టోర్ ఇన్‌చార్జి సంతకం చేయాలట.

"నేను సంతకం పెట్ట సార్," అన్నాను.

"ఆ గోడ మా నాయిన కట్టించిండు. నలభై ఏండ్ల సంది చూస్తున్న. ఏం కాలే," అన్నారు యజమాని.

"దానికి క్రేన్ బిగిస్తరని ఆయనకు తెల్వది గద సార్. అవతల పిల్లలు పండుకుంటున్నరు."

"కొనేది నువ్వా, నేనా?"

"మీరే. సంతకం మాత్రం నాది."

ఆయన ముఖం ఎర్రబడింది. పందొమ్మిదేళ్లలో ఆయనకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. గోదాము తాళాలు తీసి ఆ కాగితం మీదే పెట్టాను. "రేపటి సంది ఇవి ఇంకెవరికన్న ఇయ్యున్రి," అని బయటికి వచ్చాను. రాంనగర్‌లో మా ఇంటి దాకా నడిచే వెళ్లాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అయినా వెనక్కి వెళ్లి ఆ కాగితం అందుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

రెండో రోజు ఆ పెద్ద హమాలీ ఇంటి నుంచే ఫోన్ చేశాడు. పాదానికి ఇంకా కట్టు ఉంది.

"బిడ్డా, లోడు వచ్చిందట. ఏ రీలు ఏడ పెట్టాల్నో ఎవ్వనికి తెలుస్తలేదట. జర పోరాదు."

"గోడ సంగతి తేలినంక పోత," అన్నాను. ఆయన "మంచిది, గట్లనే ఉండు," అని పెట్టేశాడు.

మూడో రోజు యజమానే పిలిచారు. ఒక సివిల్ ఇంజనీరును రప్పించారట. నేను వెళ్లేసరికి ఆ ఇంజనీరు గోడ పూతను ఉలితో చెక్కుతున్నాడు. సిమెంటు పెచ్చు ఊడింది. వెనుక ఇటుకల మధ్య ఉన్నదంతా మట్టే. "దీనికి క్రేన్ కాదు సార్, ఫ్యాన్ గూడ పెట్టొద్దు," అన్నాడు. యజమాని తాళాలు నా టేబుల్ మీదికి జరిపారు.

నేల మీద సొంత స్తంభంతో నిలబడే క్రేన్ పెట్టాలని తేలింది. అక్కడితో గొడవ ఆగలేదు. సేల్స్‌మన్ ఒక టన్నుది తీసుకోమన్నాడు. రీలు మీద అంటించిన బరువు చీటీ చూపించి అర టన్ను చాలన్నాను. యజమాని స్తంభాన్ని మూలకు నెట్టమన్నారు. మూలన పెడితే క్రేన్ చేయి సగం కూడా తిరగదని, నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాను. హమాలీలను పిలిచి, వ్యాను ఎక్కడ ఆగుతుందో, రీలు ఎక్కడ దిగాలో వాళ్లనే నిలబడి చెప్పమన్నాను. వాళ్లు నిలబడిన చోట్లను కొలిస్తే చేయి నాలుగు మీటర్లు కావాలని తేలింది. గచ్చు కోసి, లోతుగా తవ్వి, కాంక్రీటు పోసి, అది గట్టిపడేదాకా నెల ఆగాం. ఒక వరస రీళ్ల జాగా పోయింది. దాని గురించి యజమాని ఇప్పటికీ సణుగుతారు. సణగనివ్వండి.

పోయిన నెల నారాయణగూడ నుంచి ఒక ప్రెస్సు ఆయన వచ్చి క్రేన్‌ను మెచ్చుకున్నాడు. మా యజమాని నవ్వి, "మేమే మంచిగ ఆలోచించి స్తంభందే తీస్కున్నం," అన్నారు. నేను రిజిస్టరులోంచి తలెత్తాను.

"సార్, మీరు గోడకే అన్నరు. స్తంభం అన్నది నేను."

ప్రెస్సు ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. యజమాని ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నారు, అది మోగకపోయినా. నేను లేనప్పుడు ఏం చెప్తారో నాకు తెలియదు. నా ముందు మాత్రం ఆ తర్వాత ఆ మాట అనలేదు.