ఏడు ఎనిమిది ఎంత కాకా?

సౌదీల, అల్ ఖోబర్‌ల మా రూముల నేను రెండేండ్లు గంజు తోమలే. ఎవరన్న నమ్ముతరా? ఆరుగురం ఉంటుంటిమి. శుక్కురారం మటన్ వండుకుంటే అడుగంటిన గంజు ఎవరు తోమాలె, బాత్రూం ఎవరు కడగాలె అన్నది పత్తాలాటల తేలుతుండె. పైసలు పెట్టి ఆడితే ఆ దేశంల జైలే, అందుకని మేం పని పెట్టి ఆడుతుంటిమి. ఓడినోడు తోముడు, గెలిచినోడు పండుడు. నేనెప్పుడు పండుడే. వీనిది సుడి రా అంటుండిరి అందరు. సుడి లేదు, పాడు లేదు. పడ్డ పత్తాలన్ని నా తలకాయల ఉంటుండె.

ఆట పేరు ఇక్కీస్. పాకిస్తానోల్ల కాడ నేర్చుకున్నరు మనోల్లు. చేతికి రెండు పత్తాలు, అందరికి కనవడేటట్టు ముంగట పెట్టాలె. ఇంకోటి కావాల్నంటే అడగొచ్చు. ఇరవై ఒకటికి దగ్గరున్నోడు గెలిచినట్టు, దాటినోడు పోయినట్టు. బొమ్మలన్ని పదే లెక్క. అయిపోయిన పత్తాలను పక్కకు పెడతరు, కట్ట ఒడిసేదాక మల్ల కలుపరు. కిటుకంత అక్కడనే ఉన్నది. చిన్నయి ఎన్ని పోయినయి, పెద్దయి ఎన్ని ఉన్నయి అని యాది పెట్టుకుంటే మిగిలిన కట్ట సగం కనవడ్డట్టే. నాకు ఈ బుద్ధి చిన్నప్పుడే అబ్బింది. కల్లు మండువల మా నాయిన పత్తాలాడుతుంటే ఎనుక కూసోని, ఏది పోయింది ఏది ఉన్నదని ఆయన ఈపు మీద ఏలుతోని రాసి చెప్తుంటి.

ఖోబర్‌కు రాకముందు తబూక్‌ల తోటల పనిచేసిన. అక్కడ ఈ తెలివి దాచుకోలే. మూడు శుక్కురారాలు వరుసగ గెలిచిన. నాలుగోసారి ‘వీడు పత్తాలు యాది పెట్టుకుంటుండు, వీనితోని ఆడద్దు’ అని లేపిండ్రు. ఇగ చూడుండ్రి, ఆరు నెలలు శుక్కురారమంటే నాకు బుగులు. అందరు ఒక్కకాడ కూసోని నవ్వుతుంటే నేనొక్కన్నే గోడ దిక్కు మల్లి పండుకునుడు. అందుకే ఖోబర్‌ల దిగిన మొదటి దినం నుంచే మొద్దోని లెక్క ఉండాలనుకున్న.

పదో తరగతిల లెక్కలల్ల మా క్లాసుకు నేనే ఫస్టు. గదే నేను నోరు తెరిచి, ఏళ్లు ముడుచుకుంట, మల్ల తెరుచుకుంట, పక్కన కూసున్న కాకను అడుగుతుంటి: “ఏడు ఎనిమిది ఎంత కాకా?”

కాక ఏళ్ల గనుపుల మీద బొటనేలు జరుపుకుంట లెక్కేసి, “పదిహేనురా బిడ్డా” అంటుండె. రూమంత నవ్వుతుండె. నాలుగైదు ఆటలకొకసారి పద్దెనిమిది మీద సుత ఇంకో పత్త అడిగి కావాల్నని పోగొట్టుకుంటుంటి. “అరే నాదాన్, పద్దెనిమిది మీద అడుగుతరా?” అని కాక నెత్తి కొట్టుకుంటుండె. అట్ల చిన్నచిన్నయి ఓడి, తోముడు తేలే ఆట కాడ మాత్రం గెలుస్తుంటి. ఎవ్వరికి అనుమానం రాలే. ఎక్కువసార్లు గంజు తోమింది కాకనే.

కాక అంటే సొంత కాక గాదు. మా పక్క మండలమోడు, యాభై దాటినయి, మూడో తరగతి చదువు. మేమిద్దరం సబ్బాకులం, అంటే ప్లంబర్లం. నేను కొత్తగ వచ్చినప్పుడు టైఫాయిడ్ వస్తే పది దినాలు డ్యూటీ చేసుకొని వచ్చి జావ కాసి తాపిండు. పుణ్యాత్ముడు. ఊర్ల ఇల్లు మొదలుపెట్టిండు. గోడలు లేసినయి, స్లాబు పడలే. ఇంటామె పంపిన గోడల ఫొటోలు ఫోన్ల చూపెట్టుకుంట, “ఇంకొక్క ఏడాదిరా. స్లాబు పడ్డదంటే నన్ను ఇక్కడ ఆపెటోడెవ్వడు?” అంటుండె. ఆ ఒక్క ఏడాదే ఆయనకు కావాల్సింది.

నితాఖత్ అని, సౌదోల్లను ఎంతమందిని పనికి పెట్టుకున్నరో చూసి కంపెనీలకు రంగులేసుడు మొదలైన కాడినుంచి మా కంపెనీ ఎర్ర రంగుకు పసుపుకు నడుమ కొట్టుకుంటుండె. తర్వాత బయటి దేశపోల్లకు తలకింత అని లెవీ పన్ను పడ్డది. ఒకనాడు మా ముదీర్, మేనేజర్ అన్నట్టు, మా ఇద్దరిని ఆఫీసుకు పిలిచి, ఇంక ఒక్క సబ్బాకే చాలు, ఒక్కని ఇఖామానే రెన్యువల్ చేస్త, రెండోవానికి ఖురూజ్ అన్నడు. ఇఖామా అంటే ఆ దేశంల ఉండనిచ్చే కార్డు, ఖురూజ్ అంటే ఇగ మల్లి వచ్చుడు లేదు, ఇంటికే. “మీరే మాట్లాడుకొని ఆదివారం పేరు చెప్పుండ్రి” అని చేతులు దులుపుకున్నడు.

ఏం మాట్లాడుకుంటం? నువ్వు పో అని ఎవరంటరు? రెండు దినాలు ఒకరి మొకం ఒకరం చూసుకోలే. శుక్కురారం బువ్వలు తిన్నంక మా రూముల పెద్దోడు, ఎలక్ట్రీషియన్ అన్న, “ఇట్ల కాదుగని చీటీలేద్దాం. దేవుడు ఎట్ల రాసిపెడితే అట్ల” అన్నడు. కాక సరే అన్నడు. కాయితం సుత చింపిండు.

అప్పుడు నేనన్న: “చీటీలెందుకన్నా, ఇక్కీస్ ఆడుదాం.”

ఆ మాట నా నోట్లకెల్లి ఎట్ల వచ్చిందని ఇయ్యాల్టికి అడుగుతుంట. నాకేం అక్కెర ఉండె? పెండ్లి లేదు, ఇల్లు కట్టేది లేదు. ఊరికి పోతే ఏం చెయ్యాల్నో తెల్వదు, గంతే. గంత చిన్న బుగులుకు గంత పెద్ద పని చేసిన.

కాక నా దిక్కు జాలిగ చూసిండు. “వద్దురా. నీకు లెక్కలు రావు, నీకు అన్యాలమైతది.”

థూ నా బతుకు! అప్పుడన్న నోరు మూసుకుంటే అయిపోవు. “పరవాలేదు కాకా, నువ్వున్నవు గద, లెక్క నువ్వే చెప్పు” అన్న. ఆయన నమ్మిండు. తప్పు చెప్పనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు.

ఐదు ఆటలు ముందుగాల ఎవరు గెలిస్తే వాళ్లు ఉండాలె. అన్న పంచిండు. మొదటి రెండు కావాల్నని ఓడిన. అంత పెద్ద దానికి ఆడుకుంట సుత ఎవరికన్న అనుమానం వస్తదేమోనన్న యావనే నాకు. తర్వాత మూడు గెలిచిన, ఒకటి పోయింది, ఒకటి వచ్చింది, ఒకటి పోయింది. నాలుగు నాలుగు సమానమైంది. కాక చేతులు అంగికి తుడుచుకున్నడు.

ఆఖరి ఆట. నాకు తొమ్మిది, నాలుగు పడ్డయి. కాకకు ఏడు, ఐదు. ముందుగాల అడిగేది నేను. కట్టల ఇంక తొమ్మిది పత్తాలున్నయి. వాట్ల ఆరు పదులే. నాకు అరచేతుల గీతల్లెక్క కనవడుతున్నయి.

“తొమ్మిది నాలుగు ఎంత కాకా?”

“పదమూడు. తక్కువున్నదిరా, ఇంకోటి అడుగు.”

“నాకు బుగులైతుంది కాకా. ఆగుత.”

“పదమూడు కాడ ఆగుతరా పిచ్చోడా! నా మాటిను, అడుగు. ఓడిపోతవు” అన్నడు కాక. తన ఇల్లు ముంగట పెట్టుకొని నాకు మంచి చెప్తుండు! నేను తల అడ్డంగ ఊపిన. పన్నెండుతోని ఆయన గెలువడు గనుక ఆయన అడగాల్సిందే. అన్న పత్త తిప్పి ఏసిండు. ఇస్పేట్ రాజు.

కాక ఏళ్ల గనుపుల మీద లెక్కేసుకున్నడు, ఒకసారి గాదు, రెండుసార్లు. “ఇరవై రెండు” అన్నడు. తర్వాత నా భుజం మీద కొట్టి, “పోనీతీ, వయసుల ఉన్నోనివి, నువ్వే ఉండు” అని నవ్విండు. పక్కన పెట్టుకున్న ఫోను తీసి జేబుల పెట్టుకొని లేసి, పొద్దటి గంజు పట్టుకొని నల్ల కాడికి నడిచిండు.

“వద్దు కాకా, నేను తోముత” అని ఉరికిన.

“ఓడినోడు తోమాలె గదరా” అన్నడు. ఇసుక పెట్టి రుద్దుతుంటే ఆ చప్పుడు నా చెవులల్ల ఇప్పటికి ఉన్నది.

నెల తిరగకముందే పోయిండు. పోయేటప్పుడు అన్నకు అప్పజెప్పిండు, “వీనికి లెక్కలు రావు, పైసలు పంపేకాడ జర తోడు పో, పైలం” అని. నేను అక్కడనే నిలవడి ఉన్న. చెప్పలే.

రెండేండ్లకు ఛుట్టీ మీద ఊరికి పోయినప్పుడు కాకను చూడవోయిన. పోకుంటే బాగుండు. ఇంటికి స్లాబు పడలే. గోడల మీద రేకులేసుకున్నరు. ఎండకాలం, లోపల కూసుంటే పెనం మీద కూసున్నట్టే ఉన్నది. చిన్నమ్మ నాటుకోడి కోసి వండింది, ఇంకింత పెట్టుకో బిడ్డా అని కొసరి కొసరి పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టెటోడు అని మా అవ్వ తిడుతుండేది కొందరిని. కాక ఇంట్ల తలెత్తి చూస్తే లెక్కపెడదామంటే వాసాలు సుత లేవు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచిన. రెండుసార్లు “నీళ్లు కావాల్నా” అని కాకనే చెంబు అందిచ్చిండు.

బస్సు కాడికి సాగదోలనొచ్చిండు. నేనెక్కంగనే కిటికీల తల పెట్టి కండక్టర్‌ను పిలిచి, “సారూ, మావోనికి లెక్కలు రావు, చిల్లర జర సక్కగ ఇయ్యుండ్రి” అన్నడు. బస్సుల ఉన్నోల్లు నా దిక్కు చూసిండ్రు. నేను నూరు నోటిచ్చిన, కండక్టర్ టికెటు కొట్టి చిల్లర నా చేతుల పెట్టిండు. చూడంగనే తెలిసింది, సరిగ్గనే ఉన్నయి.

“సరిపోయినయా బిడ్డా?” అని కాక కిందికెల్లి అడిగిండు.

ఇప్పుడన్న చెప్పొచ్చు. చెప్పాలె. నేను అరచేయి కిటికీల నుంచి బయటికి చాపిన.

“ఎంతయితయి కాకా?” అన్న.

కాక ఒక్కో నోటు జరుపుకుంట, ఏళ్ల గనుపుల మీద లెక్కేసిండు. “డెబ్బై ఐదురా. సరిపోయినయి, జేబుల పెట్టుకో” అన్నడు. బస్సు కదిలింది.