ఐదింటిలో నాలుగు

మా గోదావరిఖనిలో నదిని గంగ అంటారు. ఫాల్గుణంలో ఆ గంగ సన్నబడి, ఒడ్డు పొడవునా ఇసుక తిన్నెలు బయటపడతాయి. ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తరువాత, ఏడాదికొకసారి నేనూ మా బావమరిదీ ఆ ఒడ్డున ఒక పగలంతా నడిచేవాళ్లం. కష్టమైన దారి కాదు. మొదట ఇసుక, తరువాత నీటిలోకి ముక్కులా చొచ్చుకువచ్చిన రెండు రాతి గుట్టలు, ఆ పైన మోదుగులు పూచిన టేకు అడవి, అక్కడ సద్దిమూట విప్పడం, సాయంత్రానికి క్వార్టర్లు. ఎక్కడికి ఎన్ని గంటలకు చేరాలో ముందురోజే కాగితం మీద రాసి జేబులో పెట్టుకునేవాణ్ణి.

బావమరిది భూగర్భ గనిలో షాట్‌ఫైరర్‌గా ముప్పై ఏళ్లు పనిచేశాడు. బొగ్గు పొరకు రంధ్రాలు వేసి, మందు దట్టించి, "ఖబర్దార్" అని అరిచి పేల్చడం అతని ఉద్యోగం. పేల్చిన ప్రతిసారీ చప్పుళ్లు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా అరగంట వరకు ఎవరినీ అటు పోనివ్వకూడదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. దీపావళినాడు పేలని టపాకాయ కనిపిస్తే కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాడు. నేను నవ్వేవాణ్ణి.

ప్రత్యేక రాష్ట్రం కోసం గనులన్నీ ఆగిన సమ్మె ముగిశాక వచ్చిన ఫాల్గుణం అది. మొదటి గుట్ట మలుపు తిరుగుతుండగా పేలుడు చప్పుళ్లతో నీళ్లు పైకి లేచాయి. ఒకటి, వెంటనే మరొకటి, మరో రెండు. కొంగలు చెల్లాచెదురుగా ఎగిరిపోయాయి. గుట్ట దిగి చూస్తే ఒకప్పుడు మా బడిలో చదివిన ఇద్దరు అన్నదమ్ములు మందు తూటాలు వెలిగించి నీళ్లలోకి విసిరి చేపలు పడుతున్నారు. అన్న నది నడుమ పుట్టిలో ఉన్నాడు. నలభై ఏళ్ల తమ్ముడు ఒడ్డున పంచె ఎగగడుతున్నాడు. తెల్లటి పొట్టలతో చేపలు తేలుతున్నాయి.

"ఎన్ని గొట్టినవ్ రా?" అని బావమరిది అడిగాడు.

"ఐదు. ఏంది కాక, నీకు హాజరు జెప్పాల్నా?"

"నాలుగే ఇనవడ్డయి. ఒకటి మిగిలింది. అర్ధగంట దాక నీళ్లల్ల కాలు వెట్టకు."

"అర్ధగంటల చేపలన్ని కొట్టుకపోతయి. నువ్వొచ్చి ఏరిస్తవా? రిటైరైనంక ఇంట్ల గూసోక గంగల గూడ డ్యూటీ జేస్తున్నవా?"

తమ్ముడు నవ్వుతూ అడుగు వేశాడు. బావమరిది అతని మెడ మీది తువ్వాలు పట్టి వెనక్కి లాగాడు. అతను విదిలించుకున్నాడు. బావమరిది చేతికర్ర ఎత్తి మోకాలి వెనుక కొట్టాడు. నేను చూస్తుండగానే అరవై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, తోటి మనిషిని రెండోసారి, మూడోసారి కొట్టాడు. తమ్ముడు లేచి పిడికిలితో గుద్దితే బావమరిది పెదవి చిట్లి చొక్కా మీద నెత్తురు కారింది. అయినా కర్ర వదలలేదు. ఇద్దరూ ఇసుకలో దొర్లారు. పుట్టిలోంచి అన్న బూతులు తిడుతూ తెడ్డు వేస్తున్నాడు.

నేను గడియారం చూశాను. కాగితం ప్రకారం అప్పటికే పదకొండు నిమిషాలు వెనుకబడ్డాం. నా ఎదుట కొట్లాట జరగడాన్ని నేను ఏ తరగతిలోనూ సహించలేదు. ముందు చెయ్యెత్తినవాడిదే తప్పు అనే నియమం ముప్పై నాలుగేళ్లు పాటించాను. వెనుకనుంచి వెళ్లి బావమరిది రెండు చేతులూ కలిపి గట్టిగా పట్టుకున్నాను.

"ఇడువు బావా! నన్ను గాదు, వాన్ని వట్టు! వాన్ని వట్టు!"

"ముందు కర్ర కింద పడెయ్యి" అన్నాను. పిల్లలతో మాట్లాడే గొంతుతోనే అన్నాను.

తమ్ముడు కుంటుకుంటూ నీళ్లలో దిగాడు. నా చేతుల్లో బావమరిది పెనుగులాడుతూ "ఖబర్దార్" అని అరిచాడు. తమ్ముడు రాళ్ల సందున ఇరుక్కున్న పెద్ద చేపకోసం వంగాడు. అప్పుడు పేలింది. గులకరాళ్లు నా ముఖానికి తగిలాయి. నీళ్లు దిగేసరికి అతను కూర్చుని తన కుడి మణికట్టు వైపు చూస్తున్నాడు. దాని తరువాత ఏమీ లేదు.

బావమరిది నా చేతులు తోసేసి పరుగెత్తాడు. తువ్వాలు చీల్చి మోచేతి కింద బిగించి కట్టాడు. "టైం జూడు బావా. ఎప్పుడు గట్టినమో దవాఖానల అడుగుతరు" అన్నాడు. ఎనిమిదీ యాభై మూడు. అరగంటలో పన్నెండు నిమిషాలే గడిచాయి. అన్న వచ్చి తమ్ముణ్ణి భుజాన వేసుకున్నాడు. మేము తినాలనుకున్న అడవిలోంచే, మోదుగ పూలు తొక్కుకుంటూ, రోడ్డు దాకా మోశాం.

దవాఖాన వరండాలో అన్న నా కాళ్లు పట్టుకున్నాడు. "పెద్దసారు మావోన్ని ఆపవట్టిండు, వాడే ఇనలే. నేను పుట్టిల కెల్లి సూసిన" అన్నాడు. దూరం నుంచి అతనికి పెనుగులాటలో ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియలేదు. బావమరిది వాచిన పెదవి తడుముకుంటూ నావైపు చూశాడు. సగం నిజం చెప్పిన పిల్లలను ఎండలో నిలబెట్టిన నేను, ఆ మాట దిద్దకుండానే అన్నను భుజాలు పట్టి లేపాను.

రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు పొద్దున ఒక్కణ్ణే వార్డుకు వెళ్లి, ఒప్పుకోవడానికి తయారుచేసుకున్న వాక్యం మొదలుపెట్టాను.

"నాకెరికే సార్" అని తమ్ముడు మధ్యలోనే ఆపాడు. "ఎనక మల్లి సూసిన. కాకను వట్టుకున్నరు. సారే కాకను ఆపిండంటే కాక లెక్కనే తప్పేమో అనుకున్న. అందుకే దిగిన."

కట్టుకట్టిన చేయి దిండు మీద సర్దుకున్నాడు.

"మా అన్నకు జెప్పకున్రి. మిమ్ముల సంపుతడు."

అన్న టీ పట్టుకుని లోపలికి వచ్చాడు. మొదటి గ్లాసు నాకే ఇచ్చాడు.