శ పలకని వేలు

కువైట్ సిటీలో మిర్కాబ్ వైపు వెళ్లి టైపు మాస్టారు ఎక్కడ కూర్చుంటారని అడిగితే మన గోదావరి జిల్లాలవాళ్లే కాదు, రాయచోటి వాళ్లు కూడా చెయ్యి చాపి చూపిస్తారు. అసలు పేరు వెంకటసత్యనారాయణ. రాజోలు దగ్గర లంక గ్రామం. ఆ ఊరి హైస్కూల్లో ఆయన రాసిన ఏడు పదో తరగతి ఒక్క దెబ్బకి గట్టెక్కినవాళ్లు తొమ్మిది మంది, అందులో ఈయనొకడు. పద్యాల పోటీలో తాలూకా మొత్తానికి రెండో బహుమతి. రాజోలు ఇన్‌స్టిట్యూట్లో ఇంగ్లీషు టైపు లోయరు, హయ్యరు, తెలుగు టైపు హయ్యరు, మూడింటికి మూడూ ఫస్టు క్లాసు. ఇరాకుతో యుద్ధం ముగిసిన మరుసటేడు కువైట్‌లో దిగి, ఎనిమిది నెలల్లో అరబ్బీ టైపు పట్టేశాడు. నేర్పిన గురువు లేడు. మీటల మీద తానే రాసుకున్న కాగితం ముక్కలు అతికించుకుని, వేలికి వచ్చిన అక్షరాన్ని వచ్చినట్టు పీకేస్తూ పోయాడు. చివరి ముక్క పీకిన నాడు తాను చేరిన టైపింగు ఆఫీసు వాళ్లందరికీ ఖర్జూరాలు పంచాడు. అరబ్బుల దేశంలో అరబ్బుల కంటే వేగంగా అరబ్బీ కొట్టినవాడు మన లంకలవాడు. ఇది చిన్న సంగతి కాదు.

ముప్పై రెండేళ్లలో ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితాలూ సెలవు అర్జీలూ ఎన్ని కొట్టాడో ఎవరూ చెప్పలేరు. తన చేతిలో తప్పుపోయి తిరిగొచ్చిన కాగితం ఒక్కటీ లేదని ఆయనే చెప్పుకునేవాడు. వినేవాళ్లు అవునని తలాడించేవారు. మొన్న రంజాను నెల ముందు దాకా అది నిజం కూడాను.

శివపార్వతిది ముమ్మిడివరం పక్క పల్లె. ఆరేళ్లుగా ఒక ఇంట్లో పనిమనిషి. ఆ ఇంట్లో వారానికొక సెలవు లేదు, శుక్రవారం సాయంత్రం ఒక గంట ఫోను మాత్రం చేతికిస్తారు. ఆమె అక్క నాగదుర్గ ఇదే ఊళ్లో ఇంకో ఇంట్లో వంట చేస్తుంది. ఒకే ఎండలో బతుకుతూ కూడా అక్కాచెల్లెళ్లు ఆరేళ్లలో ఒక్క పూట పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నది లేదు. అలాంటిది నాగదుర్గ పనిచేసే ఇంటివాళ్లకి ఇంకో మనిషి కావలసొచ్చింది. ఇక్కడ మామా అంటే ఇంటి యజమానురాలు. శివపార్వతి మామా ఏ కళనుందో గాని, పంపడానికి ఒప్పుకుంది. ఆమె వీసాకి పూచీదారు, అంటే కఫీల్, సంతకం చేస్తానన్నాడు. ఇంటి డ్రైవరు ఆమెను తీసుకొచ్చి మాస్టారి బల్ల ముందు కూర్చోబెట్టాడు.

కార్డులూ పాస్‌పోర్టూ మామా దగ్గర ఉండిపోయాయి. అయినా ఆ పిల్ల కంగారు పడలేదు. కార్డు నంబరు పన్నెండంకెలూ దేవుడి నామంలా గడగడా అప్పచెప్పింది. తరవాత పేరు చెప్పింది. అరబ్బీలో ప లేదు, ఇంగ్లీషులో వి అని రాసే మన వ లేదు; వాటి బదులు బ, ఫ కొడతారు. అందుచేత మన శివపార్వతులందరూ ఈ దేశంలో షిఫా బార్ఫాతీలే. సత్యనారాయణ ఇల్లు మారే కాగితం కొట్టేశాడు, స్టాంపు పడింది, డ్రైవరు పట్టుకెళ్లాడు.

వారానికి సర్కారు కౌంటరు నుంచి కాగితం తిరిగొచ్చింది. నంబరు కలిసింది, పేరు కలవలేదు. పేరులో మొదటి అక్షరమే లేదు. షిఫా పోయి ఇఫా మిగిలింది.

డ్రైవరు ఆమెను మళ్లీ తీసుకొచ్చిన పూట బెంచీ మీద పదిమంది ఉన్నారు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి సత్యనారాయణ అన్నాడు: "పేరు సరిగా పలకాలమ్మా. నంబరు గడగడా చెప్పి పేరు మింగేస్తే నేనేం కొట్టను? అయినా మీ పక్క నోళ్లకి శ ఎప్పుడు పలికింది గనక. శివుడు సివుడు, శనివారం సనారం. నాలిక్కి బద్ధకం."

బెంచీ అంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వబోయి తల దించుకుంది. "అవునండి. నా నోరే మంచిది కాదండి, ఆయ్," అంది.

ఆయన పైసా పుచ్చుకోకుండా మళ్లీ కొట్టిచ్చాడు. ఆ మాట ఆయన తరవాత చాలామందికి చెప్పాడు. కాని కౌంటరు దగ్గర మళ్లీ తారీఖు దొరికింది పదిహేడు రోజులకి. ఈలోగా మామా కూతురు పురిటికి వచ్చింది. ఇంట్లో పని రెట్టింపయింది. ఇంక ఎక్కడికీ లేదు, ఖలాస్ అన్నారు. నాగదుర్గ ఇంటివాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. అంతటితో సరి.

ఆ తరవాత నెలన్నరలో ఇంకో నాలుగు కాగితాలు అక్షరం పోయి తిరిగొచ్చాయి. ఈజిప్టు నుంచి వచ్చిన మేనేజరు వాటిని తెచ్చి ఆయన బల్ల మీద బోర్లించి పోయేవాడు. తిట్టినా బాగుండేది. సత్యనారాయణ రాత్రీ పగలూ ఆలోచించి దొంగను పట్టుకున్నాడు. ఆఫీసులో ఈమధ్య పాత కీబోర్డులు తీసేసి కొత్తవి పెట్టారు. అప్పడంలా పల్చన. నొక్కితే చప్పుడుండదు, నొక్కామో లేదో వేలికి తెలియదు. పాత మిషను మీద అక్షరం పడితే పక్క గదికి వినపడేది. కనక తప్పు ఆ పిల్లది కాకపోతే బోర్డుది. తనది మాత్రం కాదు. మంచి బోర్డు ఒకటి సొంతానికి కొని పెట్టుకుంటే ఆ మాట రుజువైపోతుంది.

ఫహాహీల్ బజారులో ఆసిఫ్ అని రాయచోటి మనిషి, నలభై ఏళ్లవాడు, కంప్యూటరు సామాన్ల కొట్లో పనిచేస్తాడు. అతని ఇఖామా కాగితాలు అన్నేళ్లుగా కొట్టింది మాస్టారే. శుక్రవారం బస్సెక్కి సముద్రం ఒడ్డునున్న ఫహాహీల్ వెళ్లాడు మాస్టారు. టైపులో నలభై అయిదేళ్ల అనుభవం ఉన్న మనిషి ఆ కొట్లో మాత్రం ఓనమాలు దిద్దుకునే పిల్లాడైపోయాడు. గోడ నిండా బోర్డులే. కొన్ని పెళ్లి పందిరిలా రంగురంగుల దీపాలతో మెరుస్తున్నాయి.

"ఆ లైట్లకు దుడ్లు పెట్టాకండి సార్," అన్నాడు ఆసిఫ్. "అవి ఆటలాడుకునే పిలకాయలకు. మీకు కావాల్సింది మెకానికల్. ప్రతి మీట కింద దాని స్ప్రింగు దానికి ఉంటాది."

ఆ మీటల కింద ఉండేదాన్ని స్విచ్చి అంటారట, అందులో మూడు రకాలట. ఎర్రది మెత్తన, చప్పుడు చెయ్యదు. గోధుమ రంగుది కొంచెం తడుముతుంది. నీలంది టక్కుమంటుంది. మొదటిసారి కొనేవాళ్లు ఖరీదు చూసి మోసపోతారని, అన్నిటికన్నా ఖరీదైనది మంచిదీ కాదు, చవకది చెడ్డదీ కాదని ఆసిఫ్ ఓపిగ్గా విడమరచి చెప్పాడు. నంబర్లు కొట్టేవాడికి కుడిపక్క అంకెల మీటలు లేని పొట్టి బోర్డు పనికిరాదు. బ్యాటరీది వద్దు, తీగదే మేలు. అక్షరాలు పైన రంగుతో అద్దినవి కాక మీటలోనే పోతపోసినవి ఉండాలి, అరబ్బీ కూడా ఉండాలి. చెడిపోయిన స్విచ్చిని ఒక్కదాన్నే పీకి మార్చుకునే వీలుంటే ఆ బోర్డు పదేళ్లు వస్తుంది. ఇవన్నీ ఉండి నడిమి ధరలో దొరికే నల్ల బోర్డొకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"నీలం స్విచ్చులు. టక్కుమనిందంటే అక్షరం పడినట్టు. అనల్యా, పడల్యా. అంతే సార్."

సత్యనారాయణ దాని మీద చేతులు పెట్టి రెండు పంక్తులు కొట్టాడు. కొట్టు మొత్తం తిరిగి చూసింది. ఆయన కళ్లు చెమర్చాయి. ఇదే కావాలి, ఇదే, అన్నాడు.

మూడు రోజులు ఆఫీసులో పండగే. పక్క బల్లల వాళ్లు చెవులు మూసుకుంటున్నారని మేనేజరు నవ్వాడు కూడా. వచ్చినవాళ్లందరికీ మాస్టారు స్విచ్చుల సంగతి వర్ణించి చెప్పేవాడు. నాలుగో రోజు కడప నుంచి షేక్ అబ్దుల్ ఖుద్దూస్ అనే పెద్దమనిషి కూర్చున్నాడు. సత్యనారాయణ అతని పేరు కొట్టాడు. టక్కుల వరసలో మొదట్లోనే ఒక టక్కు లేదు. చెవికి మెట్టు తప్పినట్టయింది. తెర మీద చూస్తే షేక్‌లో ష లేదు. అరబ్బీలో మన శకీ షకీ కూడా షీన్ అని ఒకటే అక్షరం. ఆ మీట ఎడమ చెయ్యి చిటికెనవేలి కింద ఉంటుంది. మళ్లీ కొట్టాడు, పడింది. మళ్లీ కొట్టాడు, పడలేదు. పదిసార్లకి మూడుసార్లు చప్పుడు లేదు.

శుక్రవారం బోర్డు చంకన పెట్టుకుని మళ్లీ ఫహాహీల్ వెళ్లి ఆసిఫ్ మీద విరుచుకుపడ్డాడు. నమ్మకస్తుడనుకుంటే పుచ్చుబోర్డు అంటగట్టావన్నాడు. ఆసిఫ్ నొచ్చుకోలేదు. చిన్న పట్టకారుతో ఆ మీట కింది స్విచ్చి పీకి కొత్తది పెట్టాడు. తన వేలితో ఇరవైసార్లు నొక్కాడు. ఇరవైసార్లూ టక్కుమంది. తరవాత బోర్డును మాస్టారి వైపు తిప్పాడు.

సత్యనారాయణ నొక్కాడు. ఒకటి, రెండు, మూడు పడ్డాయి. నాలుగోది లేదు. అయిదోది లేదు.

ఇద్దరూ ఆ చిటికెనవేలి వంక చూశారు. ఎండిన చిక్కుడుకాయలా లోపలికి ముడుచుకుని ఉంది. ఎప్పటినుంచి అలా ఉందో ఆయనకే తెలియదు.

ఆసిఫ్ గొంతు తగ్గించి అన్నాడు: "మీ వేలు పూర్తిగా దిగడంల్యా సార్. నరం బలహీనం అయింటాది, డాక్టరుకు చూపించండి. ఎర్ర స్విచ్చి ఏస్తా, ఆనితే సాలు పడతాది. చప్పుడు మాత్రం రాదు."

"చప్పుడు రాకపోతే తప్పు పోయిందని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు సత్యనారాయణ.

బోర్డు అక్కడే వదిలేసి సముద్రం గట్టు మీద కూలబడ్డాడు. శివపార్వతి కాగితం కళ్లముందు ఆడింది. ఆ పిల్ల నోరు తిరక్క సివ అన్నదే అనుకుందాం. సివ అని విన్నవాడు కనీసం స అన్నా కొట్టాలి కదా. స పక్క వేలి కింద ఉంటుంది. కాగితం మీద శ లేదు, స లేదు. అక్కడ ఏ అక్షరమూ లేదు. ఆ రోజు ఈ ఒక్క ఆలోచన చేసి ఉంటే సరిపోయేది. పద్యాలకి బహుమతులు పుచ్చుకున్న మనిషి, పదిమందిలో ఒక ఆడపిల్ల నోటిని ఎత్తిపొడవడానికి మాత్రం క్షణం ఆలోచించలేదు.

సాయంత్రం ఆమెకి ఫోను ఇచ్చే వేళ. కాగితాల కోసం రాసుకున్న నంబరు ఉంది. కొట్టాడు.

"శివపార్వతిని మాట్లాడుతున్నానండి," అంది అవతలి గొంతు. శ అచ్చంగా, స్పష్టంగా పలికింది. వేరే ఎవరో అనుకున్నాడు.

"నేనమ్మా, టైపు మాస్టార్ని."

"మాస్టారా! బాగున్నారాండి? పలికిందాండి, శ? అద్దాలు తుడిసేటప్పుడు రోజూ అనుకుంటన్నానండి. శివ, శనగలు, శుక్రవారం. ఈసారెప్పుడన్నా మామా మనసు మారి కాయితం ఏయించాల్సొత్తే మీకు ఇబ్బంది లేకుండా ఉంటాదని."

తప్పు ఆమె నోటిది కాదు, తన వేలిది అన్నాడు మాస్టారు. స్విచ్చి, చప్పుడు, అన్నీ చెప్పాడు. ఆ పిల్లకి స్విచ్చుల సంగతి ఎంత అర్థమైందో గాని ఒక్కటే అడిగింది.

"అంటే ఆయాల నేను సరిగానే సెప్పానాండి?"

"సరిగానే చెప్పావమ్మా. కొట్టనిది నేను."

"మరైతే అక్కకి తెలియాలండి. రెండు నెలలై నాతో మాటాడట్లేదండి. నోరు తిన్నగా తిరక్క నోటికాడ కూడు నేలపాలు సేసుకున్నావు, నీకోసం మా మామాని బతిమాలి నేను సులకనైపోయానని కోపమండి."

"నేను చెప్తాను. మీ అక్క నంబరియ్యి."

"వద్దండి. మీరు సెప్తే మీ పేరు పోద్దండి. మీ సేతిలో తప్పు పోదని మా ఊళ్లో కూడా అనుకుంటారు కదండి. ఆడమడిసిని, నాకు మాటొచ్చినా ఏం పర్లేదండి."

ఆయన కోప్పడ్డాడు, బతిమాలాడు. నంబరు చెప్పమంటుండగానే లోపలినుంచి ఎవరో కేకేశారు. "మామా పిలుత్తందండి," అంది, ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే మోగలేదు. వచ్చే శుక్రవారం దాకా మోగదు.

శనివారం పొద్దున్న ఆఫీసు తెరవగానే సత్యనారాయణ తన బల్ల దగ్గర కూర్చోలేదు. బెంచీ ముందు నిలబడి, రెండు నెలల కిందట శివపార్వతి అనే పిల్లని ఇక్కడ అందరి ముందూ తప్పుపట్టాననీ, తప్పు తనదేననీ గట్టిగా చెప్పాడు. ఆమె అక్క నాగదుర్గ ఏ ఇంట్లో వంట చేస్తుందో ఎరిగినవాళ్లుంటే చెప్పమన్నాడు. బెంచీ మీదివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ రోజు నవ్వినవాళ్లలో ఒక్కరూ అక్కడ లేరు. ఆ బెంచీ మీద రోజూ కొత్త మనుషులే. మేనేజరు తల ఎత్తి చూసి మళ్లీ దించుకున్నాడు.

చివరకి ఒక నడివయసు ఆవిడ లేచి కాగితాలు ముందుకు చాపింది. "మాది ఆత్రేయపురం అండి. నాగదుర్గ ఎవరో నాకు తెలవదండి. నాది మీరే కొట్టండి మాస్టారూ. మీ చేతిలో తప్పు పోదంట కదండి."

"పోతుందమ్మా," అని ఆయన ఆమెను పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.