మేకలు తిన్న పేర్లు

ఆ రోజుల్లో ఒమాన్‌లో మనవాళ్ల ఇల్లంటే మనుషులు కాపురముండే చోటని నాకు తోచేది కాదు. ఇండియాకు పోవలసిన అట్టపెట్టెలు విమానం కోసం కాచుకుని కూర్చునే చోటనీ, వాటి సందుల్లో మనుషులు ఎలాగో సర్దుకుంటారనీ అనుకునేదాన్ని. తొంభైల మొదట్లో, పెళ్లయిన కొత్తలో, కడప నుంచి వచ్చి మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో దిగాను. ఒక పడకగది, ఒక వంటిల్లు, మా ఆయన ఎంతో గౌరవంగా హాలని పిలిచే ఒక నడవ. ఆ నడవలో పైకప్పు దాకా పెట్టెలే. పోనీ అవి మావా అంటే, కాదు! పెళ్లికి ముందు మా ఆయన సీబ్ దగ్గర కంపెనీ క్యాంపులో ఉండేవాడు. ఆ రూమ్‌వాళ్లంతా కరీంనగర్, నిజామాబాద్ వైపువాళ్లు. సెలవు మీద ఊరికి పట్టుకెళ్లేవి నెలనెలా కాసిని కొని పెట్టెలో వేసుకోవడం వాళ్ల అలవాటు. క్యాంపులో చోటుండదు కనుక, రూమ్‌లో ఎవడైనా ఫ్యామిలీని తెచ్చుకుంటే ఇక వాడి ఇల్లే అందరికీ గోడౌను. "చెల్లె, గీ మూలకు పెట్టిపోత, ఏమనుకోకు" అంటూ శుక్రవారం వచ్చిందంటే ఒక పెట్టె దిగేది. ఆ మాట అనేది వాళ్లందరిలోకీ వయసులో పెద్దవాడు, మేమంతా పెద్దన్న అని పిలిచే మేస్త్రీ. నన్ను చెల్లెల్ని చేసుకున్నాడు కాబట్టి మా ఆయన్ని బావా అని ఆటపట్టించేవాడు.

మా ఆయన కంపెనీలో స్టోర్‌కీపర్. అక్కడ ఒక్క మేకు చోటు తప్పినా పట్టుకునే మనిషి, ఇంట్లో మాత్రం పెట్టెలు అడ్డమొస్తే పక్కకు తిరిగి నడిచేవాడు. నాకూ అదే నేర్పాడు. తీరా నాకు ఆరో నెల దాటాక పక్కకు తిరిగినా లాభం లేకపోయింది (అటు తిరిగితేనే ఎక్కువ చోటు కావలసి వచ్చేది). కాన్పుకు మా అమ్మను పిలిపించమని రోజూ పోరేదాన్ని. "పిలిపిస్తే యాడ పండుకోబెడతావు మే? పెట్టెల మీదనా? ముందు మంచం పట్టేంత జాగా చూపించు, మర్నాడే వీసా కాగితాలు పెడతా" అన్నాడు. పరాయి దేశంలో, అమ్మ పక్కన లేకుండా తొలి కాన్పు! తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేది. ఏడ్చి ఏడ్చి చివరకు రోషం వచ్చింది.

ఊరినుంచి ఎవరో తెచ్చిన పాత వారపత్రికలో ఇల్లాళ్ల పేజీ ఒకటి కంటపడింది. ఒకే రకం వస్తువులన్నీ ఒకచోట పెడితే ఇల్లు విశాలమవుతుందట. అబ్బ, ఎంత తెలివైన మాట అనుకుని, మా ఆయన డ్యూటీకి పోగానే కొంగు దోపి పెట్టెలన్నీ విప్పేశాను. చూద్దును కదా, ప్రతి పెట్టెలోనూ సగం గాలే! ఎవరిదీ నిండలేదు మరి. దుప్పట్లన్నీ ఒకచోట, సబ్బులన్నీ ఒకచోట, టార్చిలైట్లు, సెంటుసీసాలు, పాలపొడి డబ్బాలు, పిల్లల గౌన్లు, దేనికది కుక్కిపెట్టాను. పర్వతమంత సామాను ఒక గోడవారకి ఒదిగిపోయింది. ఖాళీ పెట్టెలను తొక్కి చదును చేసి, కింద మున్సిపాలిటీ చెత్తడ్రమ్ము పక్కన పెట్టి వచ్చాను. నా అంత పనిమంతురాలు మస్కట్‌లోనే లేదని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

సాయంత్రం మా ఆయన వచ్చి ఆ ఖాళీ చూసి నోరు తెరిచాడు. బూట్లు కూడా విప్పకుండా నేలమీద వెల్లకిలా పడుకుని చేతులు రెండూ బార్లా చాపాడు. "యాడా తగల్లేదు మే!" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. నవ్వుతున్నవాడల్లా గభాలున లేచి కూర్చున్నాడు. "మరి పేర్లేవీ?" అన్నాడు. ఎవరి పేరు, ఊరు, జిల్లా వాళ్లు పెట్టె మీదే కదా నల్ల మార్కరుతో రాసుకునేది! ఇద్దరం కిందికి పరిగెత్తాం. డ్రమ్ము చుట్టూ కొండమీది నుంచి దిగిన మేకలు నింపాదిగా అట్టలు నములుతున్నాయి. ఒక గడ్డం మేక నోట్లోంచి 'కరీంనగర్ జిల్లా' సగం వేలాడుతోంది. మా ఆయన దాని వెంట పడ్డాడు. అది జిల్లాతో సహా కొండెక్కేసింది.

మర్నాడే శుక్రవారం. పెద్దన్నకు శనివారం విమానం, పెట్టె కట్టుకోవడానికి రూమ్‌వాళ్లందరితో దిగాడు. నేను తలుపు వెనక నిలబడి ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. పెద్దన్న దుప్పట్ల గుట్ట ముందు కూర్చుని ఒక్కొక్కటీ తిరగేశాడు. అన్నిటి మీదా ఒకే పులి. పకపకా నవ్వాడు. "ఏడుస్తవేంది చెల్లె? అందరం గదే రువీ బజార్ల, గదే దుకాణంల, గదే పులిని కొన్నం. ఎవల పులి ఎవలింటికి వోతేంది!" అన్నాడు. అంతా గుండ్రంగా కూర్చుని పేకముక్కల్లా పంచుకున్నారు. గౌన్ల దగ్గర మాత్రం పంపకం అక్కరలేకపోయింది. ఎవడి పిల్ల గౌను వాడు చూడగానే లాక్కున్నాడు. పెద్దన్న తనది గుండెకు ఆనించుకుని, "గిది మా బుజ్జిది. గీ కుచ్చుల కోసం మూడు దుకాణాలు తిరిగిన" అన్నాడు. ఆ పిల్లను ఆయన ఇంకా ఫోటోలో తప్ప చూడలేదు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది కానీ ఈసారి వేరే ఏడుపు.

మా ఆయన మలబారీ కొట్టునుంచి కొత్త పెట్టెలు తెచ్చాడు. పెద్దన్న తాడు బిగిస్తూ హుకుం జారీ చేశాడు. "బావా, రేపే కాగితాలు పెట్టు. గీ మూల ఇగ అమ్మది, ఎవ్వలు పెట్టె తెచ్చిన కాళ్లిరగ్గొడ్త. నేనొచ్చేదాంక నా మడత మంచం ఖాళీనే, తెచ్చి ఎయ్యిర్రి."

ఆ మంచం మీదే మా అమ్మ పడుకుంది. కాకపోతే మా అమ్మ వెంట ఊరగాయలు, సున్నుండలు, పాత మెత్తటి చీరలు అంటూ తాళ్లు బిగించిన పెట్టెలు దిగాయి. వారం తిరక్కుండా మేము మళ్లీ పక్కకు తిరిగి నడిచాం.

ఆ మూలలో ఊయలూగిన నా కూతురే ఇప్పుడు కడపలో మా ఇల్లు సర్దిస్తోంది. "అక్కర్లేనివన్నీ తీసెయ్ అమ్మా" అంటే నవ్వుకుంటూ తీసేశాను. ఇల్లు అద్దంలా ఉంది, ఎటు తిరిగినా ఏదీ తగలదు. శుక్రవారం నాడు ఎవరైనా తలుపు తడితే మాత్రం, ఇప్పటికీ ముందు నడవలో మూలకేసి చూస్తాను. "చెల్లె, గీ మూలకు పెట్టిపోత" అంటారేమోనని. అంటే కాదనను.