ఆల్‌టైమ్ టీమ్‌లో లక్ష్మీకాంతం

లక్ష్మీకాంతానికి క్రికెట్ రాదు. ఈ మాట ఆయన ముందే అనేవాళ్లం, నవ్వేవాడు. ఐర్లండ్‌లో మేముండే నేవన్ ఊళ్లో మా తెలుగువాళ్ల టీమ్ మొదలుపెట్టింది మాత్రం ఆయనే. ఒంగోలు మనిషి, సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ ఉద్యోగం. ఎదుటివాళ్ల పనిలో తప్పులు పట్టినందుకే జీతం కనుక మ్యాచ్ రోజు కూడా ఆ బుద్ధి పోయేది కాదు. అందరికంటే ముందొచ్చి, వానకు నానిన పార్కులో మ్యాట్ పరిచి, మేకులు కొట్టి, అప్పుడు టీమ్ చదివేవాడు. చాలాసార్లు అందులో తన పేరే ఉండేది కాదు. ముఖం చూసి ఎవర్నీ ఆడనిచ్చేవాడు కాదు. భార్య సత్యవాణి తమ్ముడు లండన్ నుంచి కొత్త బ్యాటు కొనుక్కుని మరీ వస్తే, అతన్ని స్కోరు రాయడానికి కూర్చోబెట్టాడు. ఆ వారమంతా వాళ్లింట్లో వంట ఆయనే చేసుకున్నాడు.

నన్నూ తీసేసిన రోజులున్నాయి. కోపమొచ్చి నేను ఫోన్ ఎత్తకపోతే, సాయంత్రం పులిహోర డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. తలుపు తీయక చస్తానా.

రెండువేల ఇరవై ఒకటి జనవరిలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటితే పోలీసులు ఆపి అడుగుతున్నారు. ఏం తోచక మా కెప్టెన్ శ్రీధర్ వాట్సాప్ గ్రూపులో ఒక మంట పెట్టాడు. ఇన్నేళ్లలో మనకు ఆడినవాళ్లందరిలోంచి ఆల్‌టైమ్ పదకొండుమందిని ఎంచాలన్నాడు. ఇంకేముంది, అందరూ విరుచుకుపడ్డారు. మెయ్‌నూత్ యూనివర్సిటీలో చదువుకుంటూ ఒక్క వేసవి ఆడి వెళ్లిపోయిన నవదీప్ బౌలింగ్ గొప్పదా, మా పాత వెంకట రమణది గొప్పదా అని రోజుల తరబడి తిట్టుకున్నారు. ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయి, మళ్లీ చేర్చమని బతిమాలారు. లక్ష్మీకాంతం పేరు ఒక్కడూ ఎత్తలేదు. ఆయన పంపిన టీమ్‌లోనూ ఆయన లేడు.

ఆ గొడవ మధ్యలోనే ఆయనకు జ్వరం వచ్చింది. వారం తిరక్కుండా ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. చూడ్డానికి ఎవర్నీ రానివ్వరు. మాస్కు బిగించుకుని పడుకుని కూడా, నవదీప్‌ను తీయొద్దని మెసేజీలు పెడుతూనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం సత్యవాణి నాకు ఫోన్ చేసింది. మర్నాడు మత్తిచ్చి వెంటిలేటర్ మీద పెడతారట. ఊపిరితిత్తులకు కాస్త విశ్రాంతి కోసమని మాత్రమే ఆయనకు చెప్పారట. ఆశ చాలా తక్కువని ఆమెతో అన్నారు.

"ఆయనకు తెలియనివ్వబాకండి అన్నయ్యా. ధైర్యంగా ఉన్నారు. ఆ ధైర్యంతోనే నిద్రపోనీయండి."

మాట ఇచ్చాను. శ్రీధర్‌కు సంగతి చెప్పి, ఎవరూ నోరు జారకుండా చూడమన్నాను. నోరైతే ఎవరూ జారలేదు. మోకాల్లో బుర్రలున్న మావాళ్లు ఇంకో పని చేశారు. గంట తిరక్కుండా శ్రీధర్ గ్రూపులో తుది టీమ్ పెట్టాడు. కెప్టెన్ లక్ష్మీకాంతం. నవదీప్ లేడు. కింద వరసగా దణ్ణాల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. వాళ్ల ప్రేమ నిజమే, కాదనను. కానీ అది చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. తీసేయమని చెప్పడానికి శ్రీధర్ నంబరు వెతుకుతుంటే లక్ష్మీకాంతం ఫోనే వచ్చింది.

మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"టీమ్ చూశా మధూ. ఒక్కడూ తగాదా పడలేదేంది?"

నువ్వు తగినవాడివి కాబట్టే అన్నాను. ఆ అబద్ధం నా చెవికే అతకలేదు.

"మనోళ్లని ఇన్నేళ్లు చూశా. టాస్ వేసే బిళ్ల ఎవరిదని కూడా కొట్టుకుంటారు. డాక్టరు సత్యకేం చెప్పాడో నాకర్థమైందిలే."

కాదని గట్టిగా అనాలి. ఏడుపు ఆపుకోవడమే సరిపోయింది నాకు.

నవదీప్ పేరు మళ్లీ వేయించమన్నాడు, పాపం బాధపడతాడని. తర్వాత చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను.

"నాకు తెలిసిందని సత్యకు చెప్పబాక. తట్టుకోలేదు."

మర్నాడు పొద్దున, మత్తు ఇచ్చేముందు, ఆయన భార్యతో వీడియోలో మాట్లాడాడు. పాలు తోడు పెట్టావా అని అడిగాడట. ఈ వారం ఏ రంగు చెత్తడబ్బా బయట పెట్టాలో చెప్పాడట. ఆదివారానికల్లా లేచి కూర్చుంటానని నవ్వాడట. ఆ నిద్రలోనే పోయాడు.

అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. అయ్యాక బయట సన్నటి వానలో సత్యవాణి నాకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేయడానికి కూడా లేదు.

"ఒక్కటే తృప్తి అన్నయ్యా. చివరిదాకా ఆయనకేం తెలియలేదు."

"అవునమ్మా," అన్నాను. "ఏమీ తెలియలేదు."